కాగితాల మీద బతికిన దీవి

(ఒక ఆదివారం సాయంత్రం కాకినాడలో ఒక విశ్రాంత ఆర్థికశాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు అడగడంతో రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ముందుకి రండమ్మా. నేను పరీక్ష పెట్టను.

మొన్న ఫోన్ చేసి, "మాస్టారూ, ఏదైనా చిన్న దేశం గురించి చెప్పండి, పిల్లలు కూడా వస్తారు" అన్నారు. చిన్న దేశం అనగానే నాకు మారిషస్ తట్టింది. ఎందుకంటే మనం కూర్చున్న ఈ హాలు నుంచి కోరంగి ఎంత దూరం? ఇరవై కిలోమీటర్లు ఉండదు. ఇవాళ మనం అక్కడికి ఎందుకెళ్తాం? మడ అడవులు చూడ్డానికి, చెక్క వంతెన మీద ఫొటోలు దిగడానికి. మారిషస్‌లో మాత్రం కోరంగి అంటే ఒక జాతి పేరు. తెలుగువాళ్ళని అక్కడ చాలాకాలం 'కొరింగీలు' అనే పిలిచారు. మనం మర్చిపోయిన రేవు పేరుని ఐదు వేల కిలోమీటర్ల అవతల వాళ్ళు మోశారు.

ఆ దేశం ఎంత ఉంటుంది? మొత్తం 2,040 చదరపు కిలోమీటర్లు. మన కోనసీమ జిల్లా ఎంతో దాదాపు అంతే. జనం దాదాపు పన్నెండున్నర లక్షలు, అంటే కోనసీమ కన్నా తక్కువే. కోనసీమకి ఒక జెండా, ఒక ప్రధానమంత్రి, సొంత రూపాయి, ఐక్యరాజ్యసమితిలో ఒక కుర్చీ ఉన్నాయనుకోండి, అదీ మారిషస్. సైన్యం మాత్రం లేదు. పోలీసులున్నారు, సరిపోయింది.

నేల సంగతి కొంచెం చెప్తాను. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కి తూర్పున 800 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగునుంచి అగ్నిపర్వతం లేచి గడ్డకట్టిన దీవి. చుట్టూ పగడపు దిబ్బలు గోడలాగా ఉంటాయి. పెద్ద కెరటం అక్కడే విరిగిపోతుంది, లోపల నీళ్ళు మన గోదావరి పాయలాగా నెమ్మదిగా ఉంటాయి. మధ్యలో పీఠభూమి. ఆ పీఠభూమి మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. పడమటి ఒడ్డున 900 పడితే గొప్ప. ఇంత చిన్న దీవిలో అంత తేడా! ఇక నేలంతా నల్లరాయి. చెరుకుతోటల మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, గోపురాల్లాగా పేర్చినవి. చూసేవాళ్ళు ఏ పాతకాలపు కట్టడమో అనుకుంటారు. కాదు, చెరుకు వెయ్యడానికి పొలంలోంచి కూలీలు ఏరి పోసిన రాళ్ళవి. ఎవరి చేతులు ఏరాయో తర్వాత చెప్తాను.

భూమిలో బంగారం లేదు, బొగ్గు లేదు, చమురు లేదు. తినే బియ్యం కూడా దిగుమతే. మరి ఆ దేశం ఎలా బతికింది? ఎలా బతికిందండీ? నా మటుకు నాకు దొరికిన జవాబు ఒక్కటే: కాగితం. ఒప్పందం కాగితం. ఆ దీవి చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు ఒక కాగితం మీద సంతకం పెట్టారు. కొన్ని కాగితాలు వాళ్ళని పోషించాయి, కొన్ని కాగితాలు మనుషుల్ని అమ్మేశాయి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ కాగితాల కథే.

మొదట అక్కడ మనుషులే లేరు. అరబ్బు నావికులకి తెలుసు, పోర్చుగీసువాళ్ళు చూసిపోయారు. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టారు. డోడో పక్షి తెలుసుగా, పిల్లలకి తెలిసే ఉంటుంది. ఎగరలేని పక్షి, మనిషిని చూసి భయపడటం కూడా రాదు. వందేళ్ళు తిరగకుండానే అంతరించింది. చెరుకుని జావా నుంచి తెచ్చింది ఆ డచ్చివాళ్ళే. పక్షి పోయింది, చెరుకు మిగిలింది. 1710లో వాళ్ళూ వెళ్ళిపోయారు.

తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1735లో లా బూర్దొన్నే అనే గవర్నరు వచ్చి పోర్ట్ లూయీ రేవుని కట్టించాడు. 1746లో మద్రాసుని ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నాడే, ఆయనే ఈయన. పక్కనే యానాం ఉన్న మనకి ఫ్రెంచివాళ్ళని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు.

1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గెలిచారు. ఇక్కడ వస్తుంది మొదటి కాగితం. లొంగిపోయేటప్పుడు ఫ్రెంచి జమీందార్లు ఏమని రాయించుకున్నారు? "మా భాష మాకుండాలి, మా మతం మాకుండాలి, మా చట్టం మాకుండాలి." ఇంగ్లీషువాళ్ళు సరేనన్నారు. వాళ్ళకి కావలసింది రేవు, ఇండియాకి వెళ్ళే దారి. భాషతో ఏం పని? ఆ ఒక్క కాగితం వల్ల ఏమైందో చూడండి. నూట యాభై ఏళ్ళకి పైగా ఇంగ్లీషువాళ్ళు ఏలిన దేశంలో ఇవాళ పేపరు ఫ్రెంచిలో వస్తుంది, వీధిలో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష మాట్లాడతారు, ఇంగ్లీషు పార్లమెంటులోనూ ఫైళ్ళలోనూ ఉంటుంది. రెండొందల ఏళ్ళ కిందటి కాగితం ఇప్పటికీ జనం నోట్లో పలుకుతోంది.

రెండో కాగితం దగ్గర నాకు కోపం వస్తుంది. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన అరవై వేల పైచిలుకు మంది. నష్టపరిహారం ఇచ్చారు, 20 లక్షల పౌండ్ల పైనే. ఎవరికిచ్చారనుకుంటున్నారు? వెట్టి చేసినవాళ్ళకా? కాదు, యజమానులకి! "మీ ఆస్తి పోయింది కదా, పాపం" అని. బానిసకి ఒక్క పెన్నీ రాలేదు. ఆ కాగితంలో వాళ్ళ పేరు ఆస్తి పట్టీలో మాత్రమే ఉంది.

యజమానులకి డబ్బొచ్చింది, చేతులు పోయాయి. చెరుకు ఎవరు నరుకుతారు? రద్దు వస్తోందని తెలిసి, ఆ రోజు రాకముందే మూడో కాగితం పుట్టించారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కూలీలు దిగారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకి ఐదు రూపాయలు, తిండి, బట్ట. అగ్రిమెంట్ అనే మాట నోరు తిరగక 'గిర్మిట్' అయింది, ఫిజీలో ఆ కూలీలకి గిర్మిటియాలనే పేరు పడిపోయింది. అట్లాస్ ఓడ నాటి నుంచి 1920 దాకా పోర్ట్ లూయీ రేవులో దిగినవాళ్ళు దాదాపు ఐదు లక్షలు. కూలీ ఘాట్ అనేవారు ఆ చోటుని, ఇప్పుడు అప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రాతి మెట్లు, పదహారే. ఎక్కి చూశాను. పదహారు మెట్లు ఎక్కడానికి నాకు నిమిషం పట్టింది. ఎక్కినవాళ్ళలో తిరిగి దిగినవాళ్ళు మూడో వంతు.

మన వాళ్ళ సంగతికొస్తాను. బిహారు, భోజ్‌పురి ప్రాంతం వాళ్ళు ఎక్కువ. ఆ తర్వాత తమిళులు, మనం, మరాఠీలు. మనవాళ్ళు ఎక్కువగా విశాఖ, గంజాం, గోదావరి వైపు నుంచి పోయారు, కోరంగి, విశాఖపట్నం రేవుల్లో ఎక్కారు. ఎందుకు పోయారు? ఎవరైనా సరదాకి పోతారా? కరువు, అప్పు, తుపాను. 1839 నవంబరు తుపానుకి కోరంగి ఎలా తుడిచిపెట్టుకుపోయిందో మీ తాతల నోట వినే ఉంటారు.

తుపాను అన్నాను కాబట్టి ఒక ముక్క. 'సైక్లోన్' అనే మాట ఎవరు పెట్టారో తెలుసా? కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషాయన. 1845లో పోర్ట్ లూయీ నుంచి బయల్దేరిన ఒక ఓడ తుపాను చుట్టూ గిరగిరా తిరిగి తిరిగి, మళ్ళీ మారిషస్ దగ్గరకే వచ్చి తేలింది. దాని లెక్కలు చూశాడాయన. చుట్ట చుట్టుకున్న పాములా తిరుగుతోందని గ్రీకు మాట నుంచి ఆ పేరు తీశాడు. మన కోరంగి ఉప్పెనల గురించీ రాశాడాయన. ఇటు రేవు, అటు రేవు, రెంటినీ కొట్టింది అదే గాలి.

సరే, కూలీ దగ్గరికొద్దాం. ఆ కాగితంలో రాయనివి చాలా ఉన్నాయి. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఒంట్లో బాగాలేదన్నా అంతే. తోట దాటి వెళ్ళాలంటే చీటీ ఉండాలి. 1860ల్లో ఫొటో అంటించిన టికెట్టు పెట్టారు. అది జేబులో లేకుండా రోడ్డు మీద దొరికితే దిమ్మరి కింద లెక్క, జైలు. రాళ్ళగుట్టలు ఎవరు పోశారో ఇప్పుడు చెప్పక్కర్లేదుగా.

పేర్లు కూడా అక్కడే మారిపోయాయి. గుమస్తా ఫ్రెంచి చెవితో వింటాడు, చేతికి వచ్చినట్టు రాస్తాడు. నాన్న పేరు కొడుక్కి ఇంటిపేరయింది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళకి చివరుంటుంది, పైగా అది ఎవరో ముత్తాత సొంత పేరు. అప్పన్న ఇంటిపేరు, అప్పడు ఇంటిపేరు, రామస్వామి ఇంటిపేరు. నవ్వకండి, ఆ అప్పన్న ఎవరనుకున్నారు? సింహాద్రి అప్పన్న! ఇప్పటికీ వాళ్ళు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రాత్రంతా దీపం చుట్టూ రామభజన చేస్తారు. ఉత్తరాంధ్ర పల్లె మొత్తం దిగిపోయింది. ఒక్క భాష తప్ప.

భాష గురించి నిజం చెప్పాలి. సభల్లో చెప్పేటప్పుడు "అక్కడ తెలుగు వెలిగిపోతోంది" అంటాం. చప్పట్లు కొట్టించుకోవడానికి బాగుంటుంది. 1940ల్లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, బళ్ళో తెలుగు చెప్తున్నారు, ఉగాది అక్కడ దేశం మొత్తానికి సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అన్నీ నిజమే. కానీ ఇంట్లో అమ్మ బిడ్డని క్రియోల్‌లో పిలుస్తుంది. నేను ఒక పెద్దాయన్ని "తెలుగు వచ్చా?" అని అడిగితే, గొంతు సవరించుకుని ఒక భజన కీర్తన మొత్తం పాడారు. అర్థం అడిగితే నవ్వేశారు. కీర్తన ఐదు తరాలు బతికింది, అర్థం బతకలేదు. అది ఓటమా? నాకు అలా అనిపించలేదు. మన పిల్లల్లో ఎంతమందికి ఒక కీర్తన మొత్తం వచ్చు?

భాష పోయినా నాలుక మిగిలింది. పోర్ట్ లూయీ బజారులో 'గాతో పిమా' అని అమ్ముతారు. ఫ్రెంచి పేరు విని భయపడ్డాను. తీరా తింటే పప్పు నానబెట్టి రుబ్బిన వడ! మునగాకుని 'బ్రెద్ మురుమ్' అంటారు, ముందుమాట ఫ్రెంచి, వెనకమాట తమిళం. పప్పు కూరిన మెత్తటి రొట్టె 'దాల్‌పురి', అది బిహారు. హిందువు, ముస్లిం, చైనీయుడు, ఆఫ్రికా మూలాలవాడు, అందరూ ఒకే బండి దగ్గర నిలబడి తింటారు. బానిసలు రావాన్ డప్పు మీద పుట్టించిన సేగా పాట అందరి పెళ్ళిళ్ళలోనూ మోగుతుంది.

అంతా పాలూ తేనే అనుకోకండి. 1998లో కొత్త నోట్లు అచ్చేస్తే ఏమైంది? పాత నోట్ల మీద ఇంగ్లీషు, తర్వాత తమిళం, తర్వాత హిందీ ఉండేవి. కొత్తవాటిలో హిందీ పైకి, తమిళం కిందికి పోయాయి. తమిళులు ఊరుకోలేదు. నోట్లు వెనక్కి తీసుకుని, పాత వరసలో మళ్ళీ అచ్చేశారు. ఇది కూడా కాగితం గొడవే, చూశారా!

ఇప్పుడు అసలు ఆర్థికం. నా సబ్జెక్టు, కొంచెం ఓపిక పట్టండి.

1960ల మొదట్లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త మారిషస్ మీద నివేదిక రాశాడు. తర్వాత 1977లో నోబెల్ వచ్చింది ఆయనకి. ఏమని తేల్చాడు? జనం పెరిగిపోతున్నారు, ఒకే పంట, తుపాన్లు, ఇన్ని జాతులు, దీనికి భవిష్యత్తు కష్టమే అన్నాడు. ఆయన ఒక్కడే కాదు, 1967 ఎన్నికల్లో నూటికి నలభై మందికి పైగా ఓటర్లు స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికే ఓటేశారు. అయినా 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది, శివసాగర్ రామ్‌గులామ్ మొదటి ప్రధాని. మార్చి 12 అంటే గుర్తొచ్చిందా? దండి యాత్ర మొదలైన రోజు. గాంధీ గారు 1901లో ఓడ ఆగితే ఆ దీవిలో కొన్ని రోజులున్నారు.

మరి మీడ్ లెక్క ఎక్కడ తప్పింది? ఆయన నేలని లెక్కేశాడు, జనాన్ని లెక్కేశాడు. కాగితాన్ని లెక్కెయ్యలేదు.

1974లో ప్రపంచ మార్కెట్లో పంచదార ధర చుక్కలనంటింది. ఆ సమయంలో ఐరోపా వచ్చి, "ఏటా ఇంత సరుకు, ముందే ఖాయం చేసిన ధరకి కొంటాం, సంతకం పెడతారా?" అంది. మిర్చికి రేటు ఆకాశంలో ఉన్న ఏడాది మన గుంటూరు రైతుని దీర్ఘకాలం కాంట్రాక్టుకి ఒప్పించగలరా? వాళ్ళు ఒప్పుకున్నారు. ఏటా ఐదు లక్షల టన్నులు. తర్వాత ప్రపంచ ధర కుప్పకూలింది, వీళ్ళకి మాత్రం మార్కెట్ రేటుకి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు వచ్చింది. ఆ డబ్బుతో ఏం చేశారు? 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం చేశారు. తోటల యజమానులేమో అదే డబ్బు హోటళ్ళలో, మిల్లుల్లో పెట్టారు. అన్నట్టు, గుజరాతీలో పంచదారకి 'మోరస్' అనే మాటుంది. మారిషస్ పేరే అది! చక్కెరతో ఒక దీవి అంతగా ముడిపడిపోయింది.

ఇంకో కాగితం బట్టలది. అమెరికా, ఐరోపా అప్పట్లో హాంకాంగ్ బట్టల మీద కోటా పెట్టాయి. మారిషస్‌కి ఆ ఇబ్బంది లేదు. 1970లోనే ఎగుమతుల ఫ్యాక్టరీలకి రాయితీలిస్తూ చట్టం చేసుకుని కూర్చున్నారు. హాంకాంగ్ వాళ్ళు మిషన్లు పట్టుకుని దిగిపోయారు. తోటల్లో చెరుకు మోసిన ఆడవాళ్ళ కూతుళ్ళు జీతం చేతికందే ఉద్యోగాలకొచ్చారు. గొర్రెల మందలు లేని దీవి ఉన్ని స్వెట్టర్ల ఎగుమతిలో ప్రపంచంలోనే ముందువరసకి వెళ్ళింది.

ముచ్చటగా మూడోది మనతోనే. 1982లో ఇండియాతో పన్నుల ఒప్పందం. అక్కడి కంపెనీ ఇక్కడి షేర్లు అమ్మి లాభపడితే పన్ను ఇక్కడ కట్టక్కర్లేదు, అక్కడ ఎలాగూ లేదు. ఇంకేం, పోర్ట్ లూయీలో ఒక గది, ఒక బోర్డు, ఒక ఆడిటరు. 2000 తర్వాత పదిహేనేళ్ళపాటు ఇండియాకి వచ్చిన విదేశీ పెట్టుబడిలో దాదాపు మూడో వంతు ఆ కోనసీమంత దీవి నుంచే వచ్చినట్టు లెక్కల్లో ఉంది. అంత డబ్బు వాళ్ళ దగ్గరెక్కడిది? వాళ్ళది కాదు. దారి మాత్రమే వాళ్ళది. కొంత మనవాళ్ళ డబ్బే అటు వెళ్ళి తెల్లచొక్కా వేసుకుని తిరిగొచ్చిందన్న ఆరోపణ ఎప్పుడూ ఉంది. చివరికి 2016లో ఒప్పందం మార్చారు.

గమనించారా, ప్రతి కాగితానికీ గడువుంది. బట్టల కోటాలు 2005లో పోయాయి, హాంకాంగ్ వాళ్ళు మిషన్లు సర్దుకున్నారు. చక్కెర ఒప్పందం 2009లో పోయింది. పన్ను వెసులుబాటూ పోయింది. వాళ్ళ తెలివి ఏమిటంటే, ఒక కాగితం చిరిగేలోపు ఇంకోటి రాయించుకోవడం. ప్రతిసారీ కుదిరిందా? కుదరలేదు. 2020 చూడండి. జులైలో ప్రపంచ బ్యాంకు సంపన్న దేశాల జాబితాలో చేర్చింది. అప్పటికే కోవిడ్ వల్ల విమానాలు ఆగి, హోటళ్ళు మూసి ఉన్నాయి. అదే నెల 25న వకాషియో అనే జపాన్ ఓడ పగడపు దిబ్బ మీదికెక్కి, తర్వాత వెయ్యి టన్నుల దాకా చమురు కక్కింది. జనం చెరుకు ఆకు గోతాల్లో కుక్కి, తేలే కట్టలు కుట్టి, సముద్రంలోకి దిగి అడ్డుకట్ట వేశారు. మరుసటి ఏడాదికి ఆ సంపన్న దేశం హోదా కూడా పోయింది.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆ బట్టల మిల్లుల్లో ఇవాళ ఎవరు కుడుతున్నారు? చాలామంది బంగ్లాదేశ్ కుర్రాళ్ళు. కాంట్రాక్టు మీద వస్తారు, డార్మిటరీల్లో ఉంటారు, గడువు తీరాక వెళ్ళిపోతారు. అప్రవాసీ ఘాట్‌కి దండలు వేసే దేశంలో మళ్ళీ అగ్రిమెంటు కూలీలు! మనం మాత్రం తక్కువా, గల్ఫ్ విమానం ఎక్కేవాళ్ళు మన ఊళ్ళలో లేరా?

ఇంకొక్క కాగితం, అన్నింటికన్నా చెడ్డది. 1965లో, స్వాతంత్ర్యం ఇవ్వకముందే, బ్రిటన్ 30 లక్షల పౌండ్లిచ్చి చాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడగొట్టింది. డియెగో గార్సియాలో అమెరికాకి సైనిక స్థావరం కావాలి. మరి అక్కడ కొబ్బరితోటల్లో తరతరాలుగా ఉన్న జనం? వాళ్ళు స్థానికులు కాదు, కాంట్రాక్టు కూలీలు అని ఫైల్లో రాశారు. ఒక్క మాట! అగ్రిమెంటు మీద ఉన్నవాడికి ఊరు ఉండదుగా, గడువు తీరితే పంపెయ్యొచ్చు. 1973కల్లా అందర్నీ ఓడలెక్కించి పోర్ట్ లూయీలోనూ సీషెల్స్‌లోనూ దింపేశారు. పెంచుకున్న కుక్కల్ని పొగపెట్టి చంపారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీయడం చెల్లదని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగిస్తూ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. స్థావరం మాత్రం 99 ఏళ్ళు అలాగే ఉంటుందట. ఈ కాగితం రాసేటప్పుడు కూడా మమ్మల్ని ఎవరూ అడగలేదని చాగోస్ వాళ్ళలో చాలామంది అంటున్నారు.

టైమైపోయిందని చూపిస్తున్నారు. ఒక్క పని చెప్పి దిగిపోతాను. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అప్పటి కూలీల రిజిస్టర్లన్నీ అక్కడే దాచారు. నంబరు, పేరు, వయసు, ఎత్తు, ఊరు. మనవలు, మునిమనవలు వచ్చి నంబరు చెప్పి, తమ పెద్దల పేరు వెతుక్కుంటారు. ఆ కాగితం పట్టుకుని కొందరు ఇటు కూడా వస్తున్నారు. ఊరి దగ్గర గుమస్తా ఏం విని ఏం రాశాడో, చదివితే ఒక్కోటి ఏ ఊరో పోల్చుకోలేం. కొన్నింట్లో ఉత్తి 'కోరింగా' అని ఉంటుంది. అది వాళ్ళ ఊరు కాదు, ఓడెక్కిన రేవు. అలా ఎవరైనా మీ వీధిలోకొచ్చి అడిగితే, తెలీదని పంపెయ్యకండి. కూర్చోబెట్టి, ఆ ఊరి పేరు నాలుగు రకాలుగా పైకి చదివి చూడండి. మీ యాసలో చదివితేనే తెలుస్తుంది అది ఏ ఊరో.

నమస్కారం. ప్రశ్నలుంటే టీ తాగుతూ అడగండి.